ఆకు నోరు మూసుకునే వేళ: తిమిర్యాజెవ్ జీవితం

మెట్టచేలో పనిచేసేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి ఒకటుంది. వాన వెనకబడితే మిట్టమధ్యాహ్నానికి జొన్న ఆకు గొట్టంలాగా చుట్టుకుపోతుంది. పొద్దువాలి చల్లబడేసరికి మళ్లీ విచ్చుకుంటుంది. ఎండ ఇంకా కొన్నాళ్లు ఇలాగే కాస్తే, ఒకరోజు తెల్లవారినా ఆకు విచ్చుకోదు. ఆరోజు రైతు మబ్బు కోసం ఆకాశం కేసి చూస్తాడు. కూలీ మూట కట్టుకుని, పని దొరికే ఊరి దారి కేసి చూస్తాడు.

ఆకు ఎందుకు చుట్టుకుంటుంది? చుట్టుకున్నంతసేపూ దాని లోపల ఏం జరుగుతుంది? వాన లేనప్పుడు మొక్క ఎట్లా బతుకుతుంది, మనిషి దానికేమైనా సాయం చేయగలడా? ఈ ప్రశ్నల వెంట యాభై ఏళ్లు నడిచి, తెలుసుకున్నదాన్ని కరువు రోజుల్లో జనం ముందు పెట్టిన శాస్త్రజ్ఞుడు ఒకాయన వున్నాడు. రష్యా దేశస్థుడు. పేరు క్లిమెంట్ అర్కాదియెవిచ్ తిమిర్యాజెవ్. ఆయన కథ చెప్పుకుంటే ఆకు కథ కూడా చెప్పుకున్నట్టే.

సంతకం పెట్టని కుర్రాడు

తిమిర్యాజెవ్ 1843 జూన్ 3న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. అప్పటికి రష్యాలో జార్ చక్రవర్తుల పాలన. పల్లెల్లో కోట్లమంది రైతులు భూస్వాముల కింద కట్టుబానిసలు. భూమితోపాటు మనుషుల్ని కూడా అమ్మేవారు. ఈ పద్ధతి 1861లో గానీ రద్దు కాలేదు. తండ్రి సుంకాల శాఖలో ఉద్యోగి అయినా, రాజులు వుండకూడదనే భావాలవాడు. ఇంట్లో ఆస్తి లేదు. కుర్రాడు పదిహేనో ఏటి నుంచే ఇంగ్లీషు రచనలు అనువాదం చేసి తన ఖర్చులు తానే సంపాదించుకున్నాడు.

విశ్వవిద్యాలయంలో చేరాడో లేదో, 1861లో విద్యార్థుల ఆందోళన చెలరేగింది. ఇకమీదట గుమికూడమని, అల్లర్లలో పాల్గొనమని కాగితం మీద సంతకం పెట్టినవాళ్లనే చదువుకోనిస్తామంది ప్రభుత్వం. తిమిర్యాజెవ్ సంతకం పెట్టలేదు. పేరు కొట్టేశారు. డబ్బు కట్టి బయటి విద్యార్థిగా పాఠాలు విని, 1866లో చదువు పూర్తిచేశాడు. ఆ మధ్యలోనే, అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తి ఆగిపోగా ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు కార్మికులు ఆకలితో మాడిన సంగతి మీద 1863లో వ్యాసం రాశాడు. మరుసటి ఏడు డార్విన్ సిద్ధాంతం గురించి రాశాడు. ఒకటి కార్మికుల ఆకలి, ఇంకొకటి ప్రకృతి రహస్యం. ఈ రెండూ ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

1867లో ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త మెండెలీవ్ నడిపిన ఎరువుల పరీక్షల్లో పనిచేయడానికి వోల్గా నది ఒడ్డునున్న సింబిర్స్క్ ప్రాంతానికి వెళ్లాడు. అది తరచూ వానలు మొహం చాటేసే నేల. ఎరువుల పరీక్షలు చేస్తూనే, ఆకు గాలిలో నుంచి తిండి ఎట్లా తీసుకుంటుందో కొలిచే పరికరం ఒకటి అక్కడ తయారుచేసుకున్నాడు. తర్వాత జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్‌ల దగ్గర వెలుగును రంగులుగా విడగొట్టి పరీక్షించే విద్య, పారిస్‌లో బూసాంగో దగ్గర మొక్కల ఆహార శాస్త్రం నేర్చుకుని తిరిగొచ్చాడు.

ఏ వెలుగు పనిచేస్తుంది?

అప్పటికి శాస్త్రానికి తెలిసింది ఇది. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. వేరు పంపిన నీటితో దాన్ని కలిపి పిండిపదార్థం తయారుచేస్తుంది. ప్రాణవాయువును బయటికి వదులుతుంది. ఇదంతా వెలుగులోనే, పచ్చటి భాగాల్లోనే జరుగుతుంది. దీన్నే కిరణజన్య సంయోగక్రియ అంటున్నాం. గాలిలో ఈ బొగ్గుపులుసు వాయువు ఆనాడు పదివేల పాళ్లకు మూడు పాళ్లకంటే తక్కువ. అంత పలచటి సరుకులో నుంచే చెట్టూ చేమా, గింజా గడ్డీ అన్నీ తయారవుతున్నాయి. మొక్క ఒంట్లో పొడిబరువులో సగానికి దగ్గరగా వుండే కర్బనం మట్టిలో నుంచి వచ్చింది కాదు. గాలిలో నుంచి వచ్చిందే.

అయితే వెలుగులో ఏ రంగు ఈ పని చేయిస్తుంది? అమెరికాలో డ్రేపర్ అనే శాస్త్రవేత్త 1840లలో ప్రయోగం చేసి పసుపు రంగు వెలుగు అని తేల్చాడు. జర్మనీలోని పెద్ద పెద్ద వృక్షశాస్త్రజ్ఞులు అవునన్నారు. కుర్రవాడైన తిమిర్యాజెవ్ కాదన్నాడు. ఆయన వాదన సులువైంది. పొయ్యి పక్కన మంట పెడితే కుండలో అన్నం ఉడకదు. మంట కుండకు తగలాలి. అట్లాగే ఆకు తనలోకి తీసుకోని వెలుగు ఆకులో పని చేయించలేదు. ఆకులోని పత్రహరితం ఎర్రటి వెలుగును బాగా పట్టుకుంటుంది. పసుపును చాలావరకు వదిలేస్తుంది. అలాంటప్పుడు పసుపు ఎట్లా గొప్ప పని చేస్తుంది?

వాదన సరే, రుజువు కావాలి. డ్రేపర్ వెలుగును వెడల్పాటి సందులో నుంచి పంపాడు. అందువల్ల రంగులు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోయాయి. తిమిర్యాజెవ్ సన్నటి సందు పెట్టాడు. రంగులు శుద్ధంగా విడిపోయాయి గానీ వెలుగు బాగా తగ్గిపోయింది. ఆకు పీల్చే వాయువు కంటికి ఆనని కొంచెమైంది. అంత కొంచెం వాయువును కొలవడానికి ఆయన స్వయంగా కొత్త పరికరం తయారుచేసుకున్నాడు. చీకటిగదిలో, గాజుగొట్టాల్లో సమానంగా కోసిన ఆకు ముక్కలు పెట్టి, ఒక్కో గొట్టం మీద ఒక్కో రంగు పడేట్టు గంటల తరబడి నిలబెట్టాడు. ఎర్ర రంగులో వున్న ఆకే ఎక్కువ పనిచేసింది. 1875లో పెద్ద పట్టా కోసం సమర్పించిన గ్రంథంలో ఈ ఫలితం వుంది. 1890లో ఇదే సంగతిని ఇంకోరకంగా చూపాడు. బతికున్న ఆకు మీద రంగుల పట్టీ పడేట్టు చేసి, తర్వాత ఆకు పచ్చదనం తీసేసి అయొడిన్ పూశాడు. వెలుగు పనిచేసిన చోట పిండిపదార్థం వుంటుంది కాబట్టి అక్కడ నల్లబడింది. ఎరుపు పడిన చోట ముదురుగా అచ్చుపడింది.

దీంతో పెద్ద విషయం ఒకటి తేలింది. మొక్కలో ఏదో మాయాశక్తి వుందనేవాళ్ల మాట చెల్లలేదు. ప్రకృతిలో శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుందనే సూత్రం ఆకుకూ వర్తిస్తుంది. గింజలో వున్నది దాచిపెట్టిన ఎండ. ఆ గింజ తిన్న కూలీ చేతిలో బలమూ, గడ్డి తిన్న ఎద్దు మెడలో బలమూ ఆ ఎండే. తిమిర్యాజెవ్ చెప్పిన ప్రకారం ఆకుపచ్చని మొక్క సూర్యుడికీ భూమ్మీది బతుకుకూ మధ్య వున్న లంకె.

1889లో ఇంకో కొలత తీశాడు. ఎండ పెరిగేకొద్దీ ఆకు పని పెరుగుతుంది గానీ, నిండు ఎండలో దాదాపు సగానికి చేరాక ఇక పెరగలేదు. అంటే మన వేసవి మధ్యాహ్నం లాంటి ఎండ అంతా ఆకుకు లాభం కాదు. మిగిలిన ఎండ ఆకును వేడెక్కించి నీరు ఆవిరి చేస్తుంది.

రాబడి, ఖర్చు

ఇక్కడ ఒక మాట మరవకూడదు. ఆకు ఆహారం తయారుచేయడమే కాదు, ఊపిరి కూడా తీస్తుంది. మనలాగే ప్రాణవాయువు తీసుకుని, తయారుచేసిన దాంట్లో కొంత కాల్చుకుని, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. తయారీ పగలే. ఊపిరి రాత్రింబవళ్లు. వేరు కూడా, మొలకెత్తే గింజ కూడా ఊపిరి తీస్తాయి. పొలంలో నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే కంది ఎండిపోయేది అందుకే. పగటి రాబడిలో రాత్రింబవళ్ల ఖర్చు పోగా మిగిలిందే మొక్క ఎదుగుదల, మన గింజ. కూలి డబ్బుల్లో తిండి ఖర్చు పోగా మిగిలేదెంత అని మనం చూసుకునే లెక్క లాంటిదే ఇది.

వేడి పెరిగితే ఊపిరి ఖర్చు పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లో వెలువడ్డాయి. పంటకాలంలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి పదోవంతు తగ్గిందని అవి చూపాయి. రాత్రి ఊపిరి ఖర్చు పెరగడం దీనికి ఒక కారణం కావచ్చని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తిమిర్యాజెవ్ కాలంలో పదివేలకు మూడు పాళ్లకు లోపున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు నాలుగు పాళ్లు దాటింది. ఆకుకు ముడిసరుకు కాస్త పెరిగిన మాట నిజమే. కానీ దానితో వచ్చిన వేడీ, తప్పిన వానలూ ఆ లాభాన్ని మింగేస్తున్నాయి.

కరువు మీద ఉపన్యాసం

తిమిర్యాజెవ్ 1870 దశకం మొదట్లో మాస్కో దగ్గరి పెట్రోవ్‌స్కయా వ్యవసాయ అకాడమీలో ఉపాధ్యాయుడయ్యాడు. 1872లో అక్కడ కుండీల్లో మొక్కలు పెంచి పరీక్షించే గాజు ఇల్లు కట్టించాడు. రష్యాలో అట్లాంటిది అదే మొదటిది. 1876లో మాస్కోలో సామాన్య జనానికి మొక్క గురించి పది ఉపన్యాసాలిచ్చాడు. అవి 1878లో మొక్క జీవితం అనే పుస్తకమై, ఎన్నో ముద్రణలు పొందాయి. 1877లో ఇంగ్లండు వెళ్లి ముసలి డార్విన్‌ను ఆయన ఊళ్లోనే కలిశాడు. ఆ ఏడాదిలోనే మాస్కో విశ్వవిద్యాలయంలోనూ చేరాడు. తర్వాత గొప్ప రచయిత అయిన కొరొలెంకో ఆయన విద్యార్థే. 1876లో అతన్ని నిరసనపత్రం ఇచ్చినందుకు అకాడమీ నుంచి తరిమేసి ప్రవాసానికి పంపారు.

1891లో వోల్గా ప్రాంతంలోనూ నడిమి రష్యాలోనూ వానలు లేక పైరు మాడిపోయింది. కరువు విరుచుకుపడింది. దాని వెనకే కలరా వచ్చింది. నాలుగు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. ఇది ఒక్క ఆకాశం చేసిన పని కాదు. 1861లో దొరికిన భూమికి రైతు అప్పటిదాకా కిస్తీలు కడుతూనే వున్నాడు. పన్నులు సరేసరి. వాటికోసం కోతలవగానే గింజ అమ్ముకునేవాడు. ఇంట్లో నిల్వ వుండేది కాదు. ఊళ్లల్లో గింజ లేకపోతున్నా ఎగుమతులు వెంటనే ఆగలేదు. రై ధాన్యం ఎగుమతిని ఆగస్టులో, గోధుమ వంటివాటిని నవంబరులో గానీ ప్రభుత్వం నిషేధించలేదు.

ఆ కరువు బాధితుల సహాయార్థం తిమిర్యాజెవ్ 1892లో ఒక బహిరంగ ఉపన్యాసం ఇచ్చాడు. మొక్క అనావృష్టితో చేసే పోరాటం దాని విషయం.

ఆయన వివరించిన సంగతి ఇది. ఆకు మీద కంటికి కనిపించని సన్నటి నోళ్లు వేలకు వేలు వుంటాయి. వాటినే పత్రరంధ్రాలంటాం. బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలంటే అవి తెరుచుకోవాలి. తెరుచుకుంటే లోపలి తేమ ఆవిరై పోతుంది. వేరు తాగిన వంద చెంబుల నీళ్లలో తొంభైఏడుకు పైగా ఇట్లా గాలిలో కలిసేవే. నేలలో తడి చాలినప్పుడు ఇబ్బంది లేదు. తడి చాలకపోతే ఆకు నోరు మూసుకుంటుంది. నీళ్లు మిగులుతాయి గానీ తిండి ఆగిపోతుంది. ఊపిరి మాత్రం ఆగదు కాబట్టి దాచుకున్నది కాలిపోతూ వుంటుంది. నోరు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. మధ్యాహ్నం జొన్న ఆకు చుట్టుకునేది ఎండ తగిలే వైశాల్యం తగ్గించుకుని ఆ దాహాన్ని కాస్త తట్టుకోవడానికే. ఎడారి మొక్కలు మైనపు పూత, నూగు, సన్నటి ఆకులు, లోతైన వేళ్లు సంపాదించుకున్నది కూడా ఈ పోరాటంలోనే.

అయితే మనిషి చేయగలిగిందేమిటి? మొక్క దగ్గర నేర్చుకోవడమే. నేల లోతుగా దున్ని వాననీరు ఇంకేట్టు చేయాలి. వేరు లోతుకు పోయేట్టు చూడాలి. తక్కువ నీటితో బతికే పంటలు ఎంచుకోవాలి. ఎరువు సరిగ్గా అందిన మొక్క ఒక్కో గింజకు ఖర్చుచేసే నీరు తక్కువని కుండీ పరీక్షలు చూపాయి. అంటే ఎరువు తిండి మాత్రమే కాదు, నీటి పొదుపు కూడా. ఎరువు కొనలేని రైతు కోసం క్లోవర్ అనే పప్పుజాతి పశుగ్రాసాన్ని వేయాలని ఆయన గట్టిగా చెప్పాడు. మన జనుము, జీలుగలాగా దాని వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి.

పంటపంటకూ నీటి ఖర్చులో ఎంత తేడా వుందో తర్వాతి కాలపు కొలతలు తేల్చాయి. అమెరికాలో 1910 దశకంలో చేసిన పరీక్షల్లో కిలో పొడిబరువు తయారీకి గోధుమ సుమారు 500 లీటర్ల నీరు ఖర్చుచేస్తే, జొన్న సుమారు 300 లీటర్లతో సరిపెట్టుకుంది. దీనికి కారణం 1960లలో గానీ తెలియలేదు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు ఆకులు బొగ్గుపులుసు వాయువును ముందు ఒకచోట పట్టుకుని, కూడబెట్టి, తర్వాత వాడుకుంటాయి. అందుకని నోరు కొంచెం తెరిచినా పని జరుగుతుంది. నిండు ఎండలోనూ వాటి పని పెరుగుతూనే వుంటుంది. వరి, గోధుమ, వేరుశనగలకు ఈ ఏర్పాటు లేదు. మెట్టనేలల్లో మన పెద్దలు జొన్నను నమ్ముకున్నది వూరికే కాదు.

కొలువు పోయినా మాట పోలేదు

జార్ ప్రభుత్వానికి పెట్రోవ్‌స్కయా అకాడమీ అంటే గిట్టదు. అది తిరుగుబాటు విద్యార్థుల గూడు అని దాని అనుమానం. కరువు ఉపన్యాసం ఇచ్చిన 1892లోనే తిమిర్యాజెవ్‌ను అక్కడి కొలువు నుంచి తప్పించారు. కొద్దికాలానికే అకాడమీనే మూసేసి, వేరే పేరుతో కొత్త సంస్థ పెట్టారు. గాజు ఇల్లు చేజారింది. ఆయన మాత్రం ఊరుకోలేదు. 1896లో నీజ్నీ నోవ్‌గొరద్‌లో జరిగిన అఖిల రష్యా ప్రదర్శనలో మళ్లీ ఒక గాజు ఇల్లు నిలబెట్టి, ఏ ఎరువు లేకపోతే మొక్క ఎట్లా గిడసబారుతుందో వచ్చినవాళ్లకు కళ్లారా చూపించాడు.

1903లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని పిలిచి ఉపన్యాసం ఇమ్మంది. గలివర్ కథలో దోసకాయల్లో నుంచి సూర్యకిరణాలు తీయాలని చూసే పిచ్చివాడొకడు వస్తాడు. తానూ అట్లాంటివాడినే, గాజుగొట్టంలోని పచ్చటి ఆకు కేసి ముప్పైఅయిదేళ్లుగా చూస్తున్నానని ఆయన నవ్వుతూ మొదలుపెట్టాడు. అక్కడి పండితులు ఆయన్ని గౌరవించారు. స్వదేశంలో ప్రభుత్వం తీరు మారలేదు. 1909లో పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. అయినా 1911లో విద్యామంత్రి కస్సో మాస్కో విశ్వవిద్యాలయం మీద పోలీసు పెత్తనం చేయబోతే, నిరసనగా రాజీనామా చేసిన వందమందికి పైగా ఉపాధ్యాయుల్లో ఈ ముసలాయన కూడా వున్నాడు.

1917 విప్లవం వచ్చినప్పుడు పెద్ద పేరున్న పండితులు చాలామంది దూరంగా నిలబడ్డారు. డెబ్బైనాలుగేళ్ల తిమిర్యాజెవ్ శ్రామికుల పక్షాన నిలబడ్డాడు. చలికి కట్టెలు, తినడానికి రొట్టె కరువైన మాస్కోలో కూర్చుని శాస్త్రం, ప్రజాస్వామ్యం గురించి రాసిన వ్యాసాలను పుస్తకంగా తెచ్చాడు. 1920లో మాస్కో-కుర్స్క్ రైల్వే బోగీల కార్ఖానా కార్మికులు ఆయన్ని మాస్కో సోవియట్‌కు తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. ఏప్రిల్‌లో వ్యవసాయ విభాగం సమావేశానికి వెళ్లొచ్చి చలి పట్టుకుని పడుకున్నాడు. అది ఊపిరితిత్తుల జబ్బుగా మారింది. తన పుస్తకం చదివి లెనిన్ మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం తేదీ ఏప్రిల్ 27. ఏప్రిల్ 28న ఆయన కన్నుమూశాడు.

1923లో పాత పెట్రోవ్‌స్కయా అకాడమీకి ఆయన పేరు పెట్టారు. ఆ విద్యాలయం ఇప్పటికీ ఆ పేరుతోనే వుంది. అదే ఏడు మాస్కోలో విగ్రహం లేచింది. 1941లో జర్మన్ బాంబు పడి విగ్రహం కూలితే వెంటనే తిరిగి నిలబెట్టారు. దాని పీఠం రాతి మీద చెక్కి వున్నవి ఆకు చేసే పని తాలూకు గీతలు.

ఆయన అన్ని విషయాల్లోనూ సరిగ్గా చెప్పాడనలేం. వంశపారంపర్యం గురించిన మెండెల్ సూత్రాల బలాన్ని తక్కువ అంచనా వేశాడు. ఆయన చనిపోయిన తర్వాత లైసెంకో వర్గం ఆయన పేరును అడ్డం పెట్టుకుని జన్యుశాస్త్రాన్ని అణిచేసింది. వ్యవసాయ శాస్త్రంలో మహామేధావి అయిన వవిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు. 1943లో ఆయన జైల్లోనే చనిపోయాడు. తప్పు ఎవరిదైనా ప్రయోగంతో తేల్చుకోవాలన్నది తిమిర్యాజెవ్ నేర్పిన పద్ధతి. ఆయన పేరు చెప్పి ఆ పద్ధతినే తొక్కేశారు. దాన్ని కూడా మనం గుర్తుంచుకోవాలి.

ఇక మనకు మిగిలిందేమిటి? వాన తప్పినప్పుడు ఆకు నోరు మూసుకుంటుంది. అది ప్రకృతి ధర్మం. సకాలంలో కలుపు తీస్తే పైరు తాగాల్సిన నీళ్లు కలుపు తాగదు. గట్టు వేస్తే, దుక్కి లోతుగా వుంటే, పశువుల ఎరువు వేస్తే, నేల మీద ఆకూ అలమూ కప్పితే తడి నాలుగురోజులు ఎక్కువ నిలుస్తుంది. జొన్నలో కంది వేస్తే ఒకటి పోయినా ఒకటి దక్కుతుంది. ఈ పనులు చేసే చేతులు మనవే కాబట్టి ఎందుకు చేస్తున్నామో కూడా మనకు తెలిసి వుండాలి.

కానీ పైరు ఎండిన ఏడు ఎవరి ఇంట్లో పొయ్యి వెలగదో ఆకు తేల్చదు. అప్పు ఎవరు వసూలు చేస్తారు, గిడ్డంగిలో గింజ ఎవరికి చేరుతుంది, ఊళ్లో పని ఎవరు చూపిస్తారు అన్నవి మనుషులు తేల్చే విషయాలు. తిమిర్యాజెవ్ ఆకు సంగతి ప్రయోగశాలలో తేల్చుకుని, రెండో సంగతి కోసం జనంలోకి వచ్చాడు. అందుకే రైలు కార్ఖానా కార్మికులు ఆ పక్షవాతపు ముసలాయన్ని తమ మనిషిగా ఎన్నుకున్నారు.